పత్తాలది కాదు పాపం, పందేనిది

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో పిల్లల చేతిలో పత్తాల కట్ట కనబడితే చాలు, పెద్దవాళ్ల నోట ఒకటే మాట వస్తుంది. “పత్తాలు పట్టినోడు బాగుపడ్డది ఎన్నడన్న చూసినవా?” ఆ వెంటనే కట్ట లాక్కుంటారు. కొందరు పొయ్యిలో వేస్తారు. నా చిన్నప్పుడు మా నాయిన అన్నాడు, పెద్దనాయన అన్నాడు, బడిలో సార్లు అన్నారు. ఇప్పుడు నా ఈడువాళ్లు తమ పిల్లలతో అంటున్నారు. మూడు తరాలుగా ఈ మాట చెప్పి కూడా జూదం తగ్గలేదు. తగ్గకపోగా గుడిసె నుంచి ఫోన్‌లోకి ఎక్కింది. ఈ మాట తప్పని, దాని వల్ల జూదానికే మేలు జరిగిందని నేను అంటున్నాను.

ముందుగా ఆ మాట అనేవాళ్ల వైపు నుంచి చెప్పాలి. వాళ్లది ఉత్త చాదస్తం కాదు. ఎకరాలు పోయిన ఇళ్లు వాళ్లు కళ్లారా చూశారు. పుస్తెలతాడు కుదువకు పోయిన ఆడవాళ్ల ఏడుపు విన్నారు. మా చుట్టాల్లోనే ఒకాయన కాలువ కింది రెండెకరాలు పందెంలో పోగొట్టుకున్నాడు. ఆయన ముగ్గురు పిల్లల చదువు అక్కడితో ఆగింది. మామిడి తోటలో, కోళ్ల షెడ్డులో పేకాట స్థావరం మీద పోలీసుల దాడి, నగదు, ఫోన్లు, బైకులు స్వాధీనం అనే వార్త జిల్లా పేజీలో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఇంత చూసినవాడు పిల్లవాడి చేతిలో ఇస్పేటు రాజును చూసి ఉలిక్కిపడితే తప్పు పట్టలేను. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. నా పేచీ అంతా ఆ భయం నుంచి తీసిన తీర్పుతోనే. ఆ తీర్పు ఇలా నడుస్తుంది: భారతంలోనే జూదం కొంప కూల్చింది, పాయింట్లకు ఆడినవాడు రేపు పైసలకు ఆడతాడు, చట్టం కూడా వద్దంది, ఏమీ కాకపోయినా టైం దండగ. కాబట్టి పత్తాలు ముట్టుకోవద్దు. ఒక్కొక్కటీ చూద్దాం.

అంతకంటే ముందు, నేను దేన్ని వెనకేసుకొస్తున్నానో చెప్పాలి. లేకపోతే నన్ను మామిడి తోట బ్యాచీలో కలిపేస్తారు.

మేం ఐదుగురం స్నేహితులం. ఒకడు మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తా, ఒకడికి కోదాడలో హైవే పక్కన విడిభాగాల దుకాణం, మిగతా ముగ్గురం సూర్యాపేట వాళ్లం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. నాకు నలభై దాటాక వాళ్లే లీస్ట్ కౌంట్ నేర్పారు. హాస్టల్లో చదివిన పిల్లలను అడిగితే చెప్తారు, అంత తేలికైన ఆట ఇంకొకటి లేదు. ఊరూరికీ నియమాలు కొంచెం మారతాయి. మేం తలా ఏడు ముక్కలు పంచుకుంటాం. ఎక్కకు ఒకటి, అంకె ముక్కకు దాని అంకె, గులాం, రాణి, రాజులకు తలా పది, జోకర్‌కు సున్నా. వంతు వచ్చినప్పుడు ఒక ముక్క కింద వేయాలి, లేదా ఒకే అంకె ముక్కలు ఎన్ని ఉంటే అన్నీ కలిపి వేయొచ్చు. ఆ తర్వాత కట్టలోంచి గానీ, ముందువాడు వేసిన దాంట్లోంచి గానీ ఒకటి తీసుకోవాలి. నా చేతిలో మొత్తమే అందరికంటే తక్కువ అనిపించినప్పుడు “షో” అనాలి. నిజంగా తక్కువైతే నాకు సున్నా, మిగతావాళ్లకు వాళ్ల చేతిలో ఉన్నంత. ఇంకెవరి దగ్గరైనా నాకు సమానంగానో తక్కువగానో ఉంటే నా పేరు కింద నలభై. మొత్తం 200 దాటినవాడు బయటికి. నోట్‌బుక్‌లోంచి చింపిన ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే ఆట నడుస్తుంది. ఆట అయ్యాక ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది.

1. ధర్మరాజు మాట

పత్తాల మీద కోపం వచ్చిన ప్రతిసారీ ధర్మరాజును పిలుస్తారు. ధర్మరాజు పత్తాలు ఆడలేదు, పాచికలు ఆడాడు. ఇది తొండి సమాధానం అనుకోకండి. పాచికల కుటుంబంలోదే గవ్వలతో ఆడే అష్టాచెమ్మా. పచ్చీసూ అంతే. ఆ రెండూ మన అరుగుల మీద, నడిమింట్లో అమ్మమ్మలు, మేనత్తలు ఆడిన ఆటలు. బండ మీద సుద్దముక్కతో గళ్లు గీసి, నాలుగు గవ్వలు చేతికిచ్చి, మనకు నేర్పింది వాళ్లే. ద్రౌపదిని పణంగా పెట్టించిన ఆటకు దగ్గరి చుట్టం మన ఇంట్లో సంక్రాంతికి ఆడపడుచులతో ముచ్చటగా సాగింది. ఒక్క ఇల్లు కూలలేదు. ఎందుకంటే అక్కడ గవ్వలే ఉన్నాయి, పణం లేదు. భారతం చెప్పిన పాఠం పణం గురించి. దాన్ని మన పెద్దలు గవ్వల విషయంలో సరిగ్గా అర్థం చేసుకుని, పత్తాల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయారు.

“పత్తాలు మనవి కావు, దొరలు తెచ్చినవి” అనేవాళ్లూ ఉన్నారు. దీనికి ఎక్కువ జాగా ఇవ్వను. మన నిర్మల్ చిత్రకారులు గుండ్రటి గంజీఫా పత్తాలకు రంగులద్దారు. గురజాడ ‘కన్యాశుల్కం’లో మధురవాణి కూర్చుని పేకాడుతుంది. ఇంతకంటే మనవి ఎలా అవుతాయి?

2. “ఇయ్యాల పాయింట్లు, రేపు పైసలు”

అసలు బలమైన వాదన ఇదే. దీని దగ్గర కాస్త ఆగాలి.

ఇందులో మొదటి లోపం తర్కంలోనే ఉంది. జూదంలో కొంప పోగొట్టుకున్న ప్రతివాడూ ఒకప్పుడు ఊరికే పత్తాలు ఆడినవాడే కావొచ్చు. అంతమాత్రాన ఊరికే పత్తాలాడిన ప్రతివాడూ కొంప పోగొట్టుకుంటాడని రుజువు కాదు. తాగి లారీ నడిపి గుద్దినవాడు కూడా ఒకప్పుడు సైకిల్ నేర్చుకున్నవాడే. ఆ లెక్కన సైకిల్ మాన్పిద్దామా? మన మధ్య ఇలా ఊరికే ఆడి లేచి ఇంటికి పోయినవాళ్లు లెక్కలేనంతమంది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్‌లో కాంటా అయ్యేదాకా ధాన్యం రాశి పక్కన తువ్వాల పరుచుకుని ఆడిన రైతులు, మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు వరుస కట్టినప్పుడు రాత్రంతా హెడ్‌లైటు వెలుతురులో ఆడిన డ్రైవర్లు, శివరాత్రి జాగారానికి కళ్లు మూతపడకుండా ఆడిన ఇంటిల్లిపాది. వీళ్లెవరూ జిల్లా పేజీకి ఎక్కరు. కొంప పోగొట్టుకున్నవాడే ఎక్కుతాడు. మనకు కనబడేది వాడొక్కడే కాబట్టి పత్తాలు పట్టినవాళ్లంతా వాడిలాగే అయ్యారని అనుకుంటాం.

రెండో లోపం. పందెం కాసేవాడికి పత్తాలే కావాలని లేదు. కోడి దొరికితే కోడి మీద కాస్తాడు. క్రికెట్ మ్యాచ్ వస్తే ఓవర్ ఓవర్‌కూ కాస్తాడు. మట్కా అంకెల మీద కాస్తాడు. ఎన్నికలొస్తే మెజారిటీ మీద కాస్తాడు. క్రికెట్ బెట్టింగులో పిల్లవాడు అప్పులపాలైతే మనం బెట్టింగును తిడతాం. బ్యాటు విరగ్గొట్టం, గ్రౌండుకు తాళం వేయం. మరుసటి రోజు అదే పిల్లవాడి తమ్ముణ్ని కోచింగుకు పంపుతాం. క్రికెట్ దగ్గర పందేన్నీ ఆటనూ వేరు చేయగలిగిన మనిషి పత్తాల దగ్గర ఎందుకు వేరు చేయలేకపోతున్నాడు?

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని దాస్తే ఈ వ్యాసానికి విలువ లేదు. మా ఐదుగురిలోనూ జారుడు మొదలైంది. మొదటి రెండు నెలలు కాగితం మీద పాయింట్లే. తర్వాత ఒకడు “ఓడినోడు చాయ్ తాపియ్యాలె” అన్నాడు. అందరం నవ్వి సరే అన్నాం. ఇంకో రెండు నెలలకు చాయ్ బిర్యానీ అయింది. ఒక ఆదివారం కోదాడలో వరుసగా ఓడినవాడు లేచిపోకుండా “ఇంకొక్క ఆట, ఈసారి డబల్” అన్నాడు. వాడి మొహంలోకి చూశాను. మా చుట్టం రెండెకరాలు పోగొట్టుకున్నప్పుడు కూడా మొదటి రోజు ఇలాగే అని ఉంటాడు. ఆ రోజే బిర్యానీ, చాయ్ రెండూ మానేశాం. అదే ముక్కలు, అదే ఐదుగురు, అదే చాప. ఆ తర్వాత ఎవడూ “ఇంకొక్క ఆట” అని పట్టుబట్టలేదు. అంటే జారుడు ఉన్న మాట నిజం. అది మొదలయ్యేది ముక్క పట్టుకున్న దగ్గర కాదు, చాయ్ ఒప్పుకున్న దగ్గర. కంచె వేయాల్సిన చోటు అది. మన పెద్దలు కంచె తీసుకుపోయి పది గజాల ఇవతల, ఆట మొదట్లోనే పాతారు. తీరా చాయ్ పందెం దగ్గర కాపలా లేకుండా పోయింది. “చాయే కదా” అని అక్కడ వాళ్లూ కలిసి తాగుతారు.

3. “చట్టమే వద్దంది”

చట్టం ఏమందో చదివి మాట్లాడితే బాగుంటుంది. 1967లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసుల దాడితో మొదలైన కేసు అది. జస్టిస్ హిదాయతుల్లా రాసిన తీర్పులో రమ్మీని మూడు ముక్కలాటతో సమానం చేయలేదు. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అందులో ప్రధానంగా ఉన్నది నేర్పు అన్నారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట నడిపే ఇల్లో క్లబ్బో దాని మీద లాభం తీసుకుంటే నేరం కావొచ్చన్నారు. ఈ రెండో మాటను దాదాపు అందరూ మరిచిపోయారు.

మరిచిపోవడం కొందరికి లాభసాటి కూడా. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు “నేర్పు” అనే మొదటి మాటను పట్టుకుని ఊరూరా ప్రకటనలు వేశాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ముందు ఆర్డినెన్సుతో, ఆ తర్వాత చట్ట సవరణతో, డబ్బు పెట్టి ఆడే రమ్మీకి నేర్పు పేరుతో ఉన్న మినహాయింపును తీసేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేల నిషేధం 2020లో గానీ రాలేదు. ఆ మధ్య మూడేళ్లు రెండు రాష్ట్రాల సరిహద్దులో రామాపురం క్రాస్‌రోడ్‌కు ఇవతల కోదాడ వైపు నేరమైన ఆట, అవతల గరికపాడు వైపు నేరం కాదు. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒకే చట్టం చేసింది. నేర్పా అదృష్టమా అనే చర్చనే పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధమంది. డబ్బు లేని ఆన్‌లైన్ ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను వేరే వరుసలో పెట్టి వాటిని ప్రోత్సహిస్తానంది.

చట్టం యాభై ఏళ్లకు పైగా తిరిగి తిరిగి చేరిన చోటు ఏది? పైస ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరికి. మా చాప మీద కాగితం, పెన్ను తప్ప ఏమీ లేవు. మమ్మల్ని ఆపే సెక్షన్ ఏదీ లేదు. “పత్తాలంటే జూదం” అన్న పెద్దమనిషీ, “రమ్మీ అంటే నేర్పు, కాబట్టి పైసలు పెట్టండి” అన్న కంపెనీవాడూ ఎదురెదురుగా నిలబడినట్టు కనబడతారు గానీ ఇద్దరూ చేసింది ఒకటే పని. ఆటను, పందేన్ని ఒకే ముద్దగా కలిపి పిల్లవాడి ముందు పెట్టారు. ఒకాయన ఆ ముద్దను విషం అన్నాడు, ఇంకొకాయన అమృతం అన్నాడు. విడదీసి చూపించినవాడు ఎవడూ లేడు.

4. “టైం దండగ”

రీల్స్ చూస్తూ గంటన్నర గడిపిన మనిషి ఈ మాట అన్నప్పుడు నాకు బాధేస్తుంది. సరే, దండగేనా చూద్దాం.

మేం ఆడే ఇంకో ఆట పదమూడు ముక్కల రమ్మీ. అందులో ఇస్పేటు ఐదు, ఆరు చేతిలో ఉన్నాయనుకోండి. నాలుగు వచ్చినా కలుస్తుంది, ఏడు వచ్చినా కలుస్తుంది. రెండు కట్టలతో ఆడితే అలాంటి ముక్కలు నాలుగు. అదే ఐదు, ఏడు ఉంటే మధ్యలో ఆరు ఒక్కటే కావాలి, అవి రెండే. మూడు వంతులు తిరిగేసరికి ఆ రెండింట్లో ఒకటి పక్కవాడు కింద వేస్తే ఇక మిగిలింది ఒకటి. చదువుకునే రోజుల్లో సంభావ్యత పాఠం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న నాకు, దాని అర్థం వేలికొసలకు తెలిసింది నలభై దాటాక ఆ చాప మీదే. చేతిలో ఏమీ కలవనప్పుడు మొదట్లోనే డ్రాప్ అంటే ఇరవై పాయింట్లతో పోతుంది. “ఏమో వస్తుందేమో” అని కూర్చుంటే ఎనభై దాకా ఎక్కుతుంది. ఇరవై దగ్గర ముక్కలు మూసి పక్కన పెట్టడం మనుషులకు ఎంత కష్టమో ఆడితే గానీ తెలియదు. ఒక బోరు ఎండితే ఇంకో బోరు, అదీ ఎండితే ఇంకోటి వేస్తూ పోయిన రైతులున్న నేల ఇది. డ్రాప్ అనడం చిన్నప్పుడే, పైస పోకుండా కాగితం మీద నేర్చుకోవడం దండగ అంటే ఒప్పుకోను.

పైగా బోర్డింగు బడుల్లో, హాస్టళ్లలో ఆడపిల్లలు మంచాల మీద గుండ్రంగా కూర్చుని లీస్ట్ కౌంట్ ఆడుకుంటారు. మన ఊళ్లలో అరుగు మీద పత్తాలాట మగవాళ్ల సొత్తుగా ఉండిపోయింది. ఆ పిల్లలకు హాస్టల్ గది ఇచ్చిన ఆ చిన్న స్వేచ్ఛను వార్డెన్ “జూదం” అని పేరు పెట్టి లాక్కుంటే నాకు మండుతుంది. వాళ్ల దగ్గర పందెం కాయడానికి చాయ్ డబ్బులు కూడా ఉండవు.

5. ఈ నిషేధం ఎవరికి పనికొచ్చింది

ఇంట్లో పత్తాలు లాక్కున్నంత మాత్రాన పిల్లవాడు ఆట నేర్చుకోకుండా ఆగలేదు. ఇంట్లో, తాత పక్కన కూర్చుని, ఓడితే వెక్కిరింపులు తప్ప పోయేదేమీ లేని చోట నేర్చుకోవాల్సిన ఆటను దొంగచాటుగా నేర్చుకున్నాడు. దొంగచాటుగా నేర్పేవాళ్లు రెండే రకాలు. ఒకడు మామిడి తోటలో ఉంటాడు, రెండోవాడు ఫోన్‌లో ఉంటాడు. ఇద్దరూ మొదటి పాఠంలోనే పైసలు కలిపి నేర్పుతారు. పాయింట్లకు ఆడటం అంటూ ఒకటి ఉందని పిల్లవాడికి తెలియనే తెలియదు. వాడి లెక్కలో పాయింటు అంటేనే రూపాయి. పాయింటుకు పది రూపాయలైతే ఒక్క ఎనభైకి 800. అది ఫోన్‌లో నాలుగైదు నిమిషాల పనిగా ఉండేది. మన ఇళ్లలో ఈ ఆటకు వేసిన వెలి, ఆటను ఊరికే ఆడే మనుషుల చేతుల్లోంచి తీసి, అమ్ముకునేవాళ్ల చేతుల్లో పెట్టింది. నా అసలు కోపం ఇదే.

పోయిన సంక్రాంతికి మా అన్న కొడుక్కి లీస్ట్ కౌంట్ నేర్పాను. ఎనిమిదో తరగతి. రెండో ఆటకే నన్ను ఓడించి, కాగితం మీద నా పేరు కింద నలభై రాస్తూ అడిగాడు. “బాబాయ్, ఇది ఫోన్ల ఆడితే పైసలొస్తయట గద?” అప్పటిదాకా వాడు పత్తాల కట్టను చేత్తో పట్టుకోలేదు, ఇంట్లో పట్టుకోనివ్వలేదు. ఫోన్‌లో పైసలొస్తాయన్న మాట మాత్రం కట్టకంటే ముందే వాడి దగ్గరికి చేరింది. చట్టం యాప్‌లను మూయించినా ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను తిట్టలేదు. అదే కాగితం వెనక్కి తిప్పి వాడితోనే లెక్క చేయించాను. ఐదుగురు తలా 100 పెడితే ఎంత? 500. ఆడించేవాడు నూటికి పది తీసుకుంటే? 50. గెలిచినవాడికి మిగిలింది 450. ఇలాంటివి పది ఆటలు ఆడితే ఆడించేవాడికి ఎంత? 500. ఐదుగురూ ఒకే తీరు తెలివైనవాళ్లైతే సగటున ఒక్కొక్కడికి పోయింది ఎంత? కాసేపు పెన్ను కొరికి “వంద” అన్నాడు. నూరు ఆటలకు? “వెయ్యి.” ఒక్క ఆట కూడా ఆడకుండా తీసుకున్నవాడు ఎవడు? వాడు నా మొహంలోకి చూసి, “అయితే ఆడిపిచ్చేటోడే గెలుస్తడా?” అన్నాడు. “నేర్పు” గురించి కంపెనీలు ఏళ్ల తరబడి వేసిన ప్రకటనలకు ఇంతకంటే సూటి జవాబు నేను ఏ తీర్పులోనూ చదవలేదు. ఆ జవాబు వాడికి దొరికింది పత్తాలు చేతిలో ఉన్నందుకే. కట్ట లాక్కుని ఉంటే వాడికి పాత బెదిరింపు ఒక్కటే మిగిలేది. పదిహేడేళ్లు వచ్చాక దాన్ని నమ్మడు.

అందుకని ఇళ్లలో పెద్దవాళ్లను అడుగుతున్నాను. లాక్కున్న కట్టను తిరిగి ఇచ్చి పక్కన కూర్చోండి. ముక్కలు పంచడం, కలపడం, లెక్క రాయడం మీరే నేర్పండి. తల్లీ, కూతురూ, నానమ్మా అందరినీ కూర్చోబెట్టండి. ఎవరైనా “ఓడినోడు చాయ్” అన్నాడంటే, వాడు సొంత బావమరిదైనా సరే, ఆ పూటకు ముక్కలు మడిచి కట్ట కట్టేయండి. కోపం అక్కడ చూపించండి. హాస్టల్ వార్డెన్లు దుప్పట్ల కింద కట్టల కోసం వెతకడం మాని, పిల్లల ఫోన్లలో ఎవరి యూపీఐకి ఎంత పోతోందో అడగండి. చాయ్ తాగాలనిపిస్తే ఓడినవాడూ గెలిచినవాడూ ఎవరి డబ్బులు వాళ్లు పెట్టుకోండి, మేం ఐదుగురం ఇప్పుడు పెట్టుకుంటున్నట్టు.